నేను చదవని సవరణ

మా సభ్యుడు రెండోసారి గెలిచి వచ్చిన ఏడాది, మార్చి నెలలో, నేను ఆయన ఆఫీసులో చేరాను. ఉద్యోగం పేరు మిలిటరీ లెజిస్లేటివ్ అసిస్టెంట్. అమెరికా ప్రతినిధుల సభలో ప్రతి సభ్యుడి దగ్గరా కొద్దిమంది సిబ్బంది ఉంటారు. వాళ్ళలో రక్షణ శాఖ బిల్లులు చదివి, ఏ సవరణకు ఏ ఓటు వెయ్యాలో కాగితం మీద రాసిచ్చే మనిషి ఒకరు. అంతకుముందు పన్నెండేళ్ళు రక్షణ శాఖలోనే బడ్జెట్ విభాగంలో పనిచేశాను. ఏ పద్దు కింద ఏముంటుందో తెలిసినవాడు కావాలని మా చీఫ్ ఆఫ్ స్టాఫ్ డయాన్ నన్ను పిలిపించింది. చీఫ్ ఆఫ్ స్టాఫ్ అంటే ఆఫీసు మొత్తానికి పెద్ద. సభ్యుడి తరవాత మాట ఆమెదే.

మేం రాజధాని శివార్లలో, షాంటిలీలో ఉండేవాళ్ళం. పొద్దున్నే కారు మెట్రో స్టేషన్‌లో పెట్టి రైలెక్కితే తొమ్మిదిలోపు ఆఫీసులో ఉండేవాణ్ణి. మా సభ్యుడి నియోజకవర్గం మాత్రం వేరే రాష్ట్రంలో, విమానంలో రెండు గంటల దూరంలో ఉండేది. ఆయన రాజకీయాల్లోకి రాకముందు హైస్కూల్ ప్రిన్సిపాల్. మాట నిదానం. ఇచ్చిన కాగితం చివరిదాకా చదివే అలవాటు ఆయనకుండేది. ఆ సభలో అది అంత సాధారణమైన అలవాటు కాదు.

రక్షణకు ఏటా రెండు బిల్లులొస్తాయి. ఒకటి ఫలానా పని చెయ్యవచ్చు అని అనుమతిచ్చేది. రెండోది ఆ పనికి డబ్బిచ్చేది. నేను చెప్పబోయే సంగతి రెండోదానికి సంబంధించింది. డబ్బిచ్చే బిల్లుకు ఏ సభ్యుడైనా సవరణ పెట్టాలంటే ఒక షరతుంది. ఒక పద్దులో ఎంత పెంచమంటాడో, మరొక పద్దులో అంత తగ్గించి చూపించాలి. ఆ తగ్గింపును ఆఫ్‌సెట్ అంటారు. సవరణ ఎంత మంచిదైనా, ఆఫ్‌సెట్ ఎవరి కడుపు కొడుతుందో చూడకుండా ఎవరూ ఓటు చెప్పరు. మా పనిలో సగం అదే. పెంచే వాక్యం అందరూ చదువుతారు. తగ్గించే వాక్యం చదవడానికి మాకు జీతమిచ్చేవారు.

ఆ ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మా నియోజకవర్గం నుంచి అయిదుగురు వచ్చారు. అక్కడ మూతపడిన వైమానిక స్థావరం ఒకటుంది. దాని పక్క ఊళ్ళో మున్సిపాలిటీ నీళ్ళు లేవు. ఇంటింటికీ సొంత బోరు. స్థావరం నడిచిన రోజుల్లో మంటలార్పే శిక్షణకు వాడిన నురుగులోని రసాయనాలు భూమిలోకి దిగి ఉంటాయని, తమ బోర్లు పరీక్ష చేయించమని వాళ్ళు అడుగుతున్నారు. అయిదుగురిలో ఒకావిడ నా బల్ల మీది నేమ్‌ప్లేటు చూసి, మిగతావాళ్ళు కూర్చుంటుండగానే మెల్లగా అడిగింది.

"మూర్తి గారంటే, మీరు తెలుగువాళ్ళాండీ?"

అవునన్నాను.

"మాది బాపట్ల దగ్గరండీ. రూత్ నా పేరు. ఇక్కడ నర్సుగా చేసి ఈ మధ్యే రిటైరయ్యాను. ఎవరో తెల్లాయన ఉంటారనుకుని ఇంగ్లీషులో ప్రిపేరయ్యి వచ్చాను."

ఆవిడ భర్త పోయి మూడేళ్ళయింది. ఆయన ఆ స్థావరంలో కాంట్రాక్టర్ దగ్గర ఎలక్ట్రీషియన్‌గా పనిచేసేవాడట. అందుకే అక్కడ ఇల్లు కొనుక్కున్నారు. ఆవిడ తీసుకొచ్చిన ఫైల్లో వీధి పటం ఉంది. ఏ ఇంట్లో బోరు ఎంత లోతో పెన్సిలుతో రాసుకుంది. నా మొత్తం ఉద్యోగంలో నేను చూసిన అర్జీల్లో అంత శుభ్రమైనది మరొకటి లేదు.

మా సభ్యుడు వచ్చి వాళ్ళతో అరగంట కూర్చున్నారు. మూసేసిన స్థావరాల చుట్టూ ఉన్న బోర్లను పరీక్షించడానికి డబ్బు పెంచమంటూ వేరే రాష్ట్రం సభ్యురాలొకరు సవరణ తెస్తున్నట్టు అప్పటికే మాకు తెలుసు. దాని ఆఫ్‌సెట్ సైన్యం ట్రక్కుల పద్దు నుంచి. ఆ ట్రక్కులకు గేర్‌బాక్సులు చేసే ఫ్యాక్టరీ మా నియోజకవర్గంలోనే ఉంది. ఆయన ఆ సంగతి దాచలేదు. ఆ ఫ్యాక్టరీలో మీ పక్కింటివాళ్ళు కూడా పనిచేస్తూ ఉంటారు, దాని జోలికి వెళ్ళనంతవరకూ నా ఓటు మీదే, అన్నారు. రూత్ గారు ఆ మాట తన నోటుబుక్కులో రాసుకుంది. వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగి, "మీరున్నారు కదండీ, చూస్తూ ఉంటారుగా," అంది. చూస్తూ ఉంటానన్నాను.

బిల్లు సభకు వచ్చింది వేసవిలో. సవరణలన్నీ ముందు రూల్స్ కమిటీకి వెళ్ళాలి. ఏది చర్చకు రావాలో, ఏది రాకూడదో, ఏ వరసలో రావాలో నిర్ణయించేది ఆ కమిటీ. సవరణ పెట్టినవాళ్ళు గడువులోపల దాన్ని మార్చుకోవచ్చు. మార్చితే కమిటీ జాబితాలో ఆ సవరణ పక్కన 'రివైజ్డ్' అని ఒక మాట చేరుతుంది. ఏం మార్చారో జాబితా చెప్పదు. అసలు పాఠం తెరిచి చదువుకోవాలి.

ఆ ఏడాది వందకు పైగా సవరణలు చర్చకు వచ్చాయి. వాటన్నిటికీ నేను ఓటు షీట్ తయారుచెయ్యాలి. ఒక్కొక్క సవరణకు ఒక వరస: నెంబరు, పెట్టినవారి పేరు, ఒక వాక్యంలో విషయం, ఆఫ్‌సెట్, ఎవరు సమర్థిస్తున్నారు, ఎవరు వ్యతిరేకిస్తున్నారు, చివరి గడిలో 'యస్' లేదా 'నో'. నీళ్ళ సవరణకు నేను వారం ముందే 'నో' రాసి పెట్టుకున్నాను. పక్కన కారణం ఒక్కమాట: ప్లాంట్, అంటే ఆ గేర్‌బాక్సుల ఫ్యాక్టరీ. ఓటింగుకు ముందురోజు జాబితాతో సరిచూస్తుంటే దాని పక్కన 'రివైజ్డ్' అని కనబడింది. ఇలాంటి మార్పుల్లో ఎక్కువభాగం కామాలు, సెక్షన్ నెంబర్లు. నేను పాఠం తెరవలేదు. ఆ రోజు పని ఎక్కువగానే ఉంది. కానీ అంతకంటే ఎక్కువ పని ఉన్న రోజుల్లో కూడా తెరిచి చదివాను. ఎందుకు తెరవలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చెప్పుకోదగ్గ జవాబు దొరకలేదు.

సభలో ఓటింగ్ ఎలా జరుగుతుందో బయటివాళ్ళకు అంతగా తెలియదు. సవరణల మీద చర్చ పగలంతా సాగుతుంది. చర్చ జరిగేటప్పుడు సభలో పదిమంది కూడా ఉండరు. ఓట్లన్నీ పోగుచేసి ఒక సమయానికి పెడతారు. గంటలు మోగుతాయి. సభ్యులు కమిటీ గదుల నుంచి, ఆఫీసుల నుంచి పరుగున వస్తారు. మొదటి ఓటుకు పదిహేను నిమిషాలిస్తారు, అందరూ రావాలి కాబట్టి. తరవాతి ఓట్లకు ఒక్కొక్కదానికి రెండే నిమిషాలు. సభ్యుడు తన కార్డు యంత్రంలో పెట్టి పచ్చ మీటో ఎర్ర మీటో నొక్కుతాడు. గోడ మీద పేర్ల పక్కన దీపాలు వెలుగుతాయి. రెండు నిమిషాల్లో ఎవరూ ఏమీ చదవలేరు. కొందరు చేతిలో ఉన్న షీట్ చూస్తారు. కొందరు గోడ వైపు చూసి, తాము నమ్మే ఒక సీనియర్ సభ్యుడి పేరు పక్కన ఏ రంగు వెలిగిందో చూసి అదే నొక్కుతారు. కొందరు తలుపు దగ్గర నిలబడ్డ పార్టీ ఉద్యోగిని ఇదేమిటని అడుగుతారు. ఆ తరవాత ఏళ్ళతరబడి ఆ ఓటు వాళ్ళ నమ్మకంగా పత్రికల్లో, పుస్తకాల్లో నిలబడిపోతుంది.

మా సభ్యుడు షీట్ చూసేవారు. అనుమానం వస్తే ఫోన్లో నాకు మెసేజ్ పెట్టేవారు.

ఆ రోజు సాయంత్రం అయిదు గంటలకు ఓట్లు మొదలయ్యాయి. నేను ఆఫీసులో టీవీ ముందు షీట్ పెట్టుకుని ఒక్కొక్క వరసా టిక్కు పెడుతున్నాను. నీళ్ళ సవరణ పదకొండోదో పన్నెండోదో. దాని ఓటు మొదలయిన వెంటనే ఆయన మెసేజ్ వచ్చింది.

"నీళ్ళ సంగతి. ఇంకా నోయేనా? కచ్చితంగా?"

"నోయే. ప్లాంట్," అని జవాబు కొట్టాను. అలా కొట్టడానికి నాకు కొన్ని క్షణాలు కూడా పట్టలేదు.

టీవీ తెర మీద రెండు అంకెలూ పక్కపక్కన పెరుగుతూ వచ్చాయి. రెండు నిమిషాలు దాటాక కూడా ఓటు కాసేపు తెరిచే ఉంచారు. ఇంకా పరుగెత్తుకొస్తున్న వాళ్ళుంటారు కనక. సభాపతి స్థానంలో ఉన్నాయన సుత్తి కొట్టేసరికి రెండంకెలూ సమానం. సమానమైతే సవరణ వీగిపోయినట్టే. ఆ నియమం నాకు కొత్త కాదు. అయినా ఒక రక్షణ సవరణ సరిసమానంగా వీగిపోవడం చూడటం అదే మొదటిసారి. కాస్త ఆశ్చర్యపడి తరవాతి వరసకు వెళ్ళిపోయాను.

ఓట్లు పూర్తయిన పావుగంటకు ఫోన్ మోగింది. సవరణ పెట్టిన సభ్యురాలి ఆఫీసులో నాలాంటి ఉద్యోగం చేసే అమ్మాయి. గొంతులో కోపం లేదు, అర్థంకాకపోవడం ఉంది. మీ సభ్యుడు నో ఎందుకు వేశారు, అని అడిగింది. ట్రక్కుల పద్దు అన్నాను.

"ఆఫ్‌సెట్ మార్చాం కదా. ట్రక్కులు తీసేసి శాఖ పరిపాలన ఖర్చుల నుంచి తీసుకున్నాం. మీ సభ్యుడి ఓటు కోసమే మార్చాం. మొన్న నీకు మెయిల్ కూడా పెట్టాను."

ఆమె మాట్లాడుతుండగానే మెయిల్ వెతికాను. ఉంది. తెరవలేదు. పాఠం తెరిచాను. ఆమె చెప్పినట్టే ఉంది. తగ్గించే వాక్యం రెండు లైన్లు. ట్రక్కుల ఊసే లేదు.

వెంటనే డయాన్ గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆమె తలుపు వెయ్యమంది. సభ్యుడు సభ నుంచి తిరిగి వచ్చాక ముగ్గురం ఆయన గదిలో కూర్చున్నాం. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నన్నేమీ అనలేదు. తిరిగి ఓటు పెట్టించే దారి ఏదైనా ఉందా, అని మాత్రం అడిగారు.

లేదన్నాను. బిల్లుకు సవరణలు చేసేటప్పుడు సభ మొత్తం ఒక కమిటీగా కూర్చుంటుంది. ఆ కమిటీలో వేసిన ఓటును మళ్ళీ పరిశీలించమని కోరే వీలు లేదు. తరవాత సభగా మారినప్పుడు మరోసారి ఓటు అడగవచ్చు కాని, అది గెలిచిన సవరణలకే. వీగిపోయినది అక్కడితో సరి. మిగిలింది ఒకటే. సభా వివరాల్లో ఒక ప్రకటన అచ్చువేయించుకోవచ్చు: పొరపాటున నో వేశాను, నా ఉద్దేశం యస్, అని. దానివల్ల ఫలితం మారదు. మాట మాత్రం నిలుస్తుంది.

డయాన్ ఒప్పుకోలేదు. మామూలుగా అయితే సరే, ఎవరూ పట్టించుకోరు; కాని ఇది ఒక్క ఓటుతో పోయింది, అంది. మనం పొరపాటన్న మరుక్షణం, సొంత ఊరి నీళ్ళ సంగతి చదవకుండా ముంచేసిన సభ్యుడని వచ్చే ఎన్నికల్లో టీవీలో ప్రకటన వస్తుంది, అంది. ఆమె మాటలో అబద్ధం లేదు. ఆ రాజకీయం ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఆయన నా వైపు తిరిగారు.

"మూర్తీ, నువ్వేమంటావు?"

ఆ గదిలో ప్రకటన ఇవ్వండి అని చెప్పగలిగిన మనిషిని నేనే. పొరపాటు నాది కనక, నేను చెబితే ఆ మాటకు బరువుండేది. ఆయన కూడా దానికోసమే అడిగారని నాకు అప్పుడే అనిపించింది. ప్రకటన అచ్చయితే, ఎవరు చూసి చెప్పారు, ఎవరు చదవలేదు అన్నది కూడా బయటికి వస్తుంది. మిగతా ఆఫీసుల్లో నా పేరు ఏమవుతుందో ఒక్కసారిగా కళ్ళముందు కనబడింది.

"డయాన్ చెప్పింది సబబే సర్," అన్నాను.

ఆయన తలాడించారు. "కార్డు పెట్టింది నేను. ఓటు నాదే," అన్నారు. ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు.

వారం తిరక్కముందే నియోజకవర్గం నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఆఫీసుకు వచ్చిన ప్రతి ఉత్తరానికి జవాబు వెళ్ళాలన్నది మా నియమం. రక్షణ విషయాల మీద జవాబులు రాసేది నేనే. ఆ జవాబు రాయడానికి రెండు రోజులు తీసుకున్నాను. సవరణ పాఠం చదవడానికి ఇవ్వని సమయం దీనికిచ్చాను.

జవాబు బాగా వచ్చింది. సవరణ ఉద్దేశాన్ని సభ్యుడు గౌరవిస్తున్నారు, అన్నాను. పరిపాలన ఖర్చులను అలా గుండుగుత్తగా తగ్గిస్తే శాఖ పనితీరు దెబ్బతినవచ్చన్న ఆందోళనతో ఓటు వేశారు, అన్నాను. ఆ ఆందోళన ఓటు వేసేనాటికి ఎవరికీ లేదు. ఉత్తరం రాసేటప్పుడు నేను కల్పించాను. రెండో పేరాలో, శాఖ ఇప్పటికే నడుపుతున్న నీటి పరీక్షల కార్యక్రమంలో మీ ప్రాంతం కూడా ఉందని, సభ్యుడు దాన్ని గమనిస్తూ ఉంటారని రాశాను. ఆ వాక్యంలో అబద్ధం లేదు. జాబితాలో ఆ ప్రాంతం ఎక్కడో చివర ఉందని, డబ్బు పెరగకపోతే వరస ఎప్పటికి వస్తుందో శాఖకే తెలియదని మాత్రం రాయలేదు.

సభ్యుడు ఉత్తరం రెండుసార్లు చదివారు. మామూలుగా ఇలాంటి ఉత్తరాల మీద యంత్రం సంతకం పెడుతుంది. రూత్ గారి బృందానికి వెళ్ళే అయిదూ తెమ్మని, తన కలంతో సంతకం చేశారు. "బాగా రాశావు," అన్నారు, తలెత్తకుండా.

రెండు వారాల తరవాత రూత్ గారు ఫోన్ చేసింది.

"లెటర్ వచ్చిందండీ మూర్తి గారూ. మావాళ్ళు కొంతమంది బాగా కోపంగా ఉన్నారు. ప్రామిస్ చేసి ఇలా చేశాడేంటి అని. నేనే సర్దిచెప్పాను. ఆయన ఊరికే వెయ్యలేదు, స్టడీ చేసే వేశారు, రీజన్ ఉంది, లెటర్ చూడండి అని. ఆదివారం చర్చి అయ్యాక అందరికీ చదివి వినిపించాను."

ఆవిడ అక్కడితో ఆగలేదు.

"ఇంకో విషయం అడుగుదామని చేశానండీ. మా వీధివాళ్ళం కలిసి ప్రైవేట్ ల్యాబ్‌లో టెస్ట్ చేయించుకుందామనుకున్నాం. ఈలోపు మీ లెటర్ వచ్చింది. ప్రోగ్రామ్‌లో మా ఏరియా ఉందన్నారుగా. గవర్నమెంట్ వాళ్ళే వస్తే మంచిది కదా, వాళ్ళ రిజల్ట్‌కి వాల్యూ ఉంటుంది. వెయిట్ చెయ్యమంటారా? మా అమ్మాయికి ఇప్పుడు నాలుగో నెల. డెలివరీ దాకా నా దగ్గరే ఉంటుంది. అందుకని అడుగుతున్నాను."

వెయిట్ చెయ్యొద్దు, ఈ వారమే చేయించండి, ఫలితం వచ్చేదాకా సీసా నీళ్ళు తాగండి అని చెప్పడానికి పది సెకన్లు చాలు. కాని ఎందుకు, మీ ప్రోగ్రామ్ రాదా, అని ఆవిడ అడుగుతుంది. దానికి జవాబు చెబితే ఉత్తరం సంగతి వస్తుంది. ఉత్తరం సంగతి వస్తే ఓటు సంగతి వస్తుంది.

"జాబితాలో మీ ఏరియా ఉందండీ," అన్నాను.

"అయితే వెయిట్ చేస్తాంలెండి. థాంక్సండీ," అని పెట్టేసింది.

మరుసటి ఏడాది అదే సవరణ మళ్ళీ వచ్చింది. ఈసారి గొడవ లేదు. వివాదంలేని సవరణలన్నిటినీ ఒక కట్టగా కట్టి ఒక్క ఓటుతో తేల్చే పద్ధతి ఒకటుంది. నీళ్ళ సవరణ అలాంటి కట్టలో చేరింది. అధ్యక్ష స్థానం నుంచి అవునన్నవాళ్ళెవరు, కాదన్నవాళ్ళెవరు అని గొంతులు విని, అవును గెలిచిందని ప్రకటించారు. మొత్తం నిమిషం పట్టి ఉంటుంది. ఎవరి పేరు పక్కనా ఏ దీపమూ వెలగలేదు. ఆ కట్టలో ప్రతి సవరణ పాఠమూ నేను మొదటినుంచి చివరిదాకా చదివాను.

ఆ డబ్బుతో శాఖవాళ్ళు రూత్ గారి ఊరికి వెళ్ళేసరికి మరో వసంతం వచ్చింది. ఆ వీధిలో చాలా బోర్లలో రసాయనాలు ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ ఉన్నట్టు తేలింది. శాఖ సీసా నీళ్ళు పంపడం మొదలుపెట్టింది. తరవాత పట్నం నుంచి పైపులైను వేశారు. ఆ నివేదిక నా బల్ల మీదికే వచ్చింది. ఇంటి నెంబర్ల పట్టికలో ఆవిడ ఇల్లు మూడోది. ఆ నివేదిక సారాంశం ఒక పేజీలో రాసి సభ్యుడికిచ్చాను. ఆయన చదివి, తారీఖు వేసి, తిరిగి ఇచ్చారు. ఆ తరవాతి ఎన్నికల్లో ఆయన నిలబడలేదు. కారణం ఆరోగ్యమన్నారు. నేను వేరే సభ్యుడి దగ్గర అదే పనిలో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

రిటైరైన రెండో ఏడాది షాంటిలీలో మేం కూరగాయలు కొనే ఇండియన్ స్టోర్‌లో రూత్ గారు కనబడింది. కూతురికి ఇక్కడ ఐటీ కంపెనీలో ఉద్యోగం వచ్చిందట. తను నెలకోసారి వచ్చి వెళుతుందట. నన్ను ఆవిడే ముందు గుర్తుపట్టింది. పక్కనే టీ అమ్మే చోట కూర్చుందామా అని అడిగాను. కూర్చున్నాక, అడక్కుండానే మొత్తం చెప్పాను. మెయిల్, పాఠం, మెసేజ్, సభ్యుడి గదిలో మాటలు, ఉత్తరం, ఫోన్.

నేను ముగించాక ఆవిడ అడిగింది.

"అంటే ఆ లెటర్ మీరే రాశారా?"

"నేనేనండీ."

"ఓటు తప్పైతే నాకు అర్థమయ్యేదండీ. నేను నర్సుని. డోస్ చూసుకోకుండా ఇవ్వబోయి ఆగిన రోజులు నాకూ ఉన్నాయి. ఒకసారి ఆగలేదు కూడా. వెంటనే వెళ్ళి డాక్టర్‌కి చెప్పాను, పేషెంట్ వాళ్ళకీ చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నా. పోలేదు. నేను చర్చిలో నిలబడి చదివానండీ ఆ లెటర్. వెయిట్ చేద్దామని నేనే అందరికీ చెప్పాను. మీ మాట మీద చెప్పాను."

మీ అమ్మాయి బిడ్డ ఎలా ఉందని అడిగాను.

"బానే ఉంది. స్కూల్‌కి వెళుతోంది. డాక్టర్లు ఏడాదికోసారి బ్లడ్ తీస్తున్నారు. ఇప్పటికైతే ఏమీ లేదంటున్నారు."

క్షమించమని అడిగాను. ఆవిడ క్షమించానని గానీ క్షమించలేదని గానీ అనలేదు. టీ పూర్తిచేసి, కూతురు ఎదురుచూస్తూ ఉంటుందని లేచింది. ఆ రోజు తనతో ఆఫీసుకు వచ్చిన మిగతా నాలుగు కుటుంబాల ఫోన్ నెంబర్లు రాసిచ్చి, వాళ్ళకి కూడా మీరే చెప్పండి, నేను చెప్పను, అంది. చెప్పాను. రెండు కుటుంబాలవాళ్ళు విన్నారు. ఒకాయన ఫోన్ పెట్టేశాడు. ఇంకొక నెంబరు పనిచెయ్యలేదు. ఉత్తరం రాసి పంపితే తిరిగొచ్చింది.

ఈ సంగతి ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. చట్టసభల ఓట్లను పరిశోధించేవాళ్ళు నన్ను అప్పుడప్పుడు పిలుస్తుంటారు. ఫలానా సభ్యుడు ఫలానా సవరణకు ఎందుకు అలా ఓటు వేశాడు, ఏ సిద్ధాంతంతో, ఎవరి ఒత్తిడితో, అని అడుగుతారు. సాక్ష్యంగా ఆ సభ్యుడి ఆఫీసు పంపిన ఉత్తరాలు చూపిస్తారు. సిద్ధాంతాలూ ఒత్తిళ్ళూ ఉన్నాయి, చాలా ఓట్లకు అవే కారణం. కాని కొన్ని ఓట్లకు కారణం ఒక ఉద్యోగి తెరవని కాగితం. ఆ ఉద్యోగే తరవాత కూర్చుని మంచి కారణం రాస్తాడు. పైనుంచి చూసేవాళ్ళకు రెండూ ఒకేలా కనబడతాయి.

ఆ ఏడాది తరవాత నా పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. ఓటు షీట్‌లో ప్రతి వరస చివరా ఆ పాఠం నేను ఏ రోజు, ఏ గంటకు చదివానో రాసేవాణ్ణి. ఓటుకు ముందు షీట్‌లో లేని కారణాన్ని ఓటు తరవాత ఉత్తరంలో రాయడం మానేశాను. కొత్తగా చేరిన వాళ్ళకు కూడా ఇదే నేర్పాను. కొందరు పాటించారు, కొందరికి చాదస్తమనిపించింది. పొరపాటు చేసినవాడు దాన్ని వెంటనే చెబితే దాని నష్టం చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. నేను చెప్పలేదు. అందువల్ల ఒక ఏడాదికి పైగా కొన్ని కుటుంబాలు ఆ నీళ్ళే తాగాయి.